అపెండిక్స్ పగలనివాడిదీ ఒక బతుకేనా!

ప్రతి మనిషికీ జీవితంలో ఒక్కసారైనా అపెండిక్స్ పగలాలి.

కంగారు పడకండి. ఇది శాపం కాదు, దీవెన. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, అపెండిక్స్ తీయించుకుని చూడు అనడం మరిచిపోయారు. పాపం, పనుల ఒత్తిడిలో మరిచిపోయి ఉంటారు. ఆ లోటు ఇవాళ నేను పూరిస్తున్నాను.

అసలు అపెండిక్స్‌ని మించిన అవయవం ఏదైనా ఉందా చెప్పండి! గుండె రాత్రింబవళ్లు కొట్టుకుంటుంది, ఎవరైనా మెచ్చుకున్నారా? కాలేయం ఏం చేస్తుందో మనలో సగం మందికి తెలియదు. అపెండిక్స్ మాత్రం ఓ మూల కూర్చుని, పనీ పాటా లేకుండా ఏళ్ల తరబడి కాలక్షేపం చేసి, చివర్లో ఒక్కసారి అలిగిందంటే చాలు, ఊరు ఊరంతా పరిగెత్తుకొస్తుంది. ఇలాంటివాళ్లు మీ ఆఫీసులోనూ ఉంటారు. వాళ్లకెంత గౌరవమో మీకే తెలుసు.

రుజువేదీ అంటారా? మా బావ ఉన్నాడు.

మా బావ, అంటే మా అక్క మొగుడు, లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఊళ్లో ఏ బిల్డింగులో లిఫ్టు నడవాలన్నా ఆయన సంతకం పడాలి. లిఫ్టు ఎక్కగానే కళ్లు మూసుకుంటాడు. కొత్తవాళ్లు ఆయనకి లిఫ్టంటే భయమనుకుంటారు. కాదు, వింటున్నాడు. పైన ఎక్కడో తాడు 'కిట్' మన్నదా, అంతే. సంచిలోంచి ఎర్రబోర్డు తీసి తలుపుకి తగిలించేస్తాడు. 'మరమ్మతులో ఉంది. వాడరాదు.' నిన్నటిదాకా బాగానే తిరిగింది కదండీ, మళ్లీ నెల చూద్దాం లెండి అని అపార్ట్‌మెంటు పెద్దలు ఎంత బతిమాలినా ఆయన నోట ఒకటే మాట.

"చిన్న చప్పుడే పెద్ద చప్పుడవుతుంది. రూలు ఒప్పుకోదు."

ఇంత చెవి ఉన్న మనిషికి ఒకరోజు కడుపులో 'కిట్' మంది. ఆయన దానికి బోర్డు తగిలించలేదు. సోఫాలో పడుకుని, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, "ఏదో కొంచెం ఇదిగా ఉంది" అన్నాడు.

మా కుటుంబంలో ఒంట్లో బాగాలేనివాళ్లు నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లిపోరు. అది మర్యాద కాదు. ముందు కమిటీ కూర్చోవాలి. కమిటీకి అధ్యక్షురాలు బావ మేనత్త. ఆవిడని మేమంతా ఆపరేషనత్తయ్య అంటాం. ఒంట్లోంచి తీయించుకోవడానికి వీలున్నవన్నీ ఆవిడ తీయించేసుకుంది. వెయ్యిమందిని చంపితే గానీ అరవైద్యుడు కాడంటారు. ఈవిడ ఎవరినీ చంపకుండా, తన ఒక్క ఒంటి మీదే పూర్తి వైద్యురాలైపోయింది. రెండో సభ్యుడు బావ అన్నగారు. ఫోనులో చూసి చెబుతాడు. మూడో సభ్యుణ్ణి నేను. నాకేం అర్హతుందంటారా? పత్రికలో కాలమ్ రాస్తాను. ఇంకేం కావాలి?

కమిటీ సోఫా చుట్టూ కూర్చుంది. కాఫీ వచ్చింది. కాఫీ అయిపోయేలోపే తీర్పు వచ్చేసింది.

"గ్యాస్," అంది ఆపరేషనత్తయ్య.

"గ్యాసే," అన్నాడు అన్నగారు, ఫోనులోంచి తలెత్తకుండా.

"గ్యాస్ కాక మరేమిటి!" అన్నాను నేను.

పాఠకులారా, గ్యాస్ అన్న మాటకి మనం ఎంత రుణపడి ఉన్నామో ఎప్పుడైనా ఆలోచించారా? తల నొప్పా? గ్యాస్ పైకి తన్నింది. నడుం నొప్పా? గ్యాస్ కిందికి దిగింది. గుండెల్లో నొప్పా? పైకీ పోలేక కిందికీ దిగలేక మధ్యలో ఇరుక్కుంది. ఎక్కడా నొప్పి లేదా? పొంచి ఉంది, జాగ్రత్త! ఏ కాలేజీలోనైనా ఇంత తేలిగ్గా వైద్యం నేర్పుతారా? ఒక్క మాటతో రోగం తేలిపోతుంది, రోగి లేచి పనికి పోతాడు, బంధువులు ఇళ్లకి పోతారు.

"ఇది గ్యాస్‌లా లేదు. పొద్దుటి నుంచి కుడిచెయ్యి కడుపు మీంచి తియ్యడం లేదాయన. ఒకసారి డాక్టరుకి చూపిద్దాం," అంది మా అక్క.

అక్క ఈ మాట అన్నది కుట్టుమిషను దగ్గర్నుంచి. మా అక్క స్కూళ్లకి యూనిఫాంలు కుడుతుంది. బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయంటే ముందుగది నిండా నీలం చొక్కాలు, వాటి మధ్య ఎక్కడో ఒకచోట అక్క. మిషను చప్పుడులో ఆమె మాట ఎవరికీ సరిగ్గా వినబడలేదు. వినబడినా, కమిటీలో సభ్యురాలు కానివాళ్ల మాటకి విలువేముంటుంది?

బావ సోడా తాగాడు. త్రేన్పు వచ్చింది.

"చూశావా!" అన్నాం ముగ్గురం ఒక్కసారే.

మర్నాడు బావ డ్యూటీకి వెళ్లాడు. ఏదో అపార్ట్‌మెంటు. లిఫ్టులో కళ్లు మూసుకుని పై అంతస్తు దాకా వెళ్లాడు. 'కిట్' మంది. దిగాడు, ఎర్రబోర్డు తీసి తగిలించాడు, తగిలిస్తూ తగిలిస్తూనే రెండుగా వంగిపోయి నేలమీద కూలబడ్డాడు.

వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. "సార్, ఈ ఒక్కసారికి లిఫ్టులో దింపేస్తామండీ. మీరు కళ్లు మూసుకోండి, చూడనట్టే ఉండండి!"

మా బావకి అప్పటికి చెమటతో చొక్కా తడిసిపోయింది, పెదాలు తెల్లబడ్డాయి. అయినా చెయ్యెత్తి అడ్డంగా ఊపాడు.

"రూలు... ఒప్పుకోదు."

చివరికి ఓ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు పట్టి, మెట్ల మీంచి దింపారు. అన్ని అంతస్తులూ. ప్రతి అంతస్తులోనూ తలుపులు తెరుచుకున్నాయి. ప్రతి తలుపులోంచీ ఒక తల బయటికొచ్చి ఏమైందని అడిగింది, జవాబు వినకుండానే "గ్యాస్ అయ్యుంటుంది లెండి" అని ధైర్యం చెప్పింది. ఇంతమంది వైద్యులున్న నగరంలో బతకడం అదృష్టం కాదా?

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ చూసింది. చిన్నపిల్ల. మొహంలో నిద్రలేమి తప్ప అనుభవం కనబడలేదని అత్తయ్య అప్పుడే తేల్చేసింది. ఆ డాక్టరమ్మ కాఫీ అడగలేదు, చుట్టూ ఎవరినీ కూర్చోబెట్టలేదు. బావ దగ్గరికొచ్చి ఒక ప్రశ్న వేసింది.

"నొప్పి ఎక్కడ? ఒక్క వేలు పెట్టి చూపించండి."

మా కమిటీ ఇంత చర్చించింది కదా, ఈ ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టలేదు! తట్టకపోవడమే నయం. తట్టి ఉంటే కాఫీ చల్లారిపోయేది.

బావ వేలు పెట్టి చూపించాడు. డాక్టరమ్మ అక్కడ మెల్లగా నొక్కి, టక్కున వదిలింది. బావ పెట్టిన కేకకి కారిడార్లో స్ట్రెచర్ తోసేవాడు ఆగిపోయాడు.

"అపెండిక్స్. పగిలినట్టే ఉంది. ఇప్పుడే తియ్యాలి."

"ఇప్పుడే అంటే ఎలాగమ్మా? ఒకసారి సోడా పట్టించి చూస్తే..." అంది అత్తయ్య.

డాక్టరమ్మ అత్తయ్య వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుతో అత్తయ్య వెళ్లి బయట కుర్చీలో కూర్చుంది. ఈ కాలం పిల్లలకి పెద్దలంటే గౌరవం లేదని ఆ తర్వాత అందరికీ ఫోన్లు చేసి చెప్పింది.

ట్రాలీ మీద పడుకోబెట్టి ఆపరేషన్ థియేటరుకి తీసుకెళ్తుంటే మా బావ భయపడ్డాడు. ఈ సంగతి తర్వాత ఆయనే చెప్పాడు. పైన దీపాలు ఒక్కొక్కటే వెనక్కి వెళ్లిపోతుంటే, తనని ఎవరో కిందికి దించేస్తున్నట్టు అనిపించిందట. ట్రాలీని లిఫ్టులోకి ఎక్కించారు. అలవాటు కొద్దీ కళ్లు మూసుకున్నాడు.

కిట్!

సంచి దగ్గర లేదు. బోర్డు లేదు. ఒంటి మీద చొక్కా కూడా లేదు. పక్కన అక్క ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని, "ఈ లిఫ్టు... ఆపించు," అన్నాడు.

"మీరు తిరిగొచ్చాక మీరే ఆపిద్దురు గాని," అంది అక్క. లిఫ్టు తలుపు తెరుచుకునేదాకా చెయ్యి వదల్లేదు.

ఇక ఆపరేషన్ తర్వాతి సుఖాలు వింటే మీరు రేపే వెళ్లి అడ్మిట్ అయిపోతారు.

మొదటి సుఖం బట్టలు. ముందువైపు గౌరవంగా, వెనకవైపు గాలి ఆడేలా ఓ గౌను ఇస్తారు. ఎంతటి ఇన్‌స్పెక్టరుకైనా అది తొడిగితే చాలు, బాత్రూమ్‌కి గోడ వెంబడే వెళ్తాడు. అహంకారం పోవాలంటే అన్నీ వదిలేసి అడవులకు పోనక్కర్లేదు, ఒక్కరోజు ఆ గౌను వేసుకుంటే చాలు.

నిద్ర సంగతి చెప్పాలి. ఆస్పత్రిలో నిద్రకి ఇచ్చే ప్రాధాన్యం ఇంకెక్కడా ఇవ్వరు. రోగి నిద్రపోతున్నాడో లేదో చూడటానికి గంటగంటకీ ఎవరో ఒకరు వచ్చి లేపుతారు. నిద్రపోతున్నాడని తేలితే సంతోషించి, నిద్రమాత్ర ఇచ్చి వెళ్తారు.

పక్క బెడ్ ఆయన ఒక నిధి. కిడ్నీలోంచి తీసిన రాయిని చిన్న సీసాలో వేసుకుని దిండు పక్కన పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లకల్లా చూపిస్తాడు. "మీది మీకివ్వలేదా?" అని బావని అడిగాడు. లేదంటే పాపం చాలా బాధపడ్డాడు. "అడగాల్సింది. మన వస్తువే కదా!"

తర్వాత పరామర్శలు. ఏళ్ల తరబడి ఫోను ఎత్తనివాళ్లంతా కమలాపళ్లు పట్టుకుని దిగారు. రోగి తినకూడదు కనక, మంచం చుట్టూ కూర్చుని, రోగి తరఫున వాళ్లే తిన్నారు. తింటూ ధైర్యం చెప్పారు. "ఏం పర్లేదు. మా ఆఫీసులో ఒకాయనకి అచ్చం ఇలాగే అయింది. మంచి మనిషి. పోయాడు." ఇలాంటి ఆదరణ ఒంట్లో బాగున్నప్పుడు దొరుకుతుందా?

అందరికంటే ఎక్కువ సుఖపడింది మా అక్క అని నా అభిప్రాయం. మంచం పక్కన అటెండెంట్ల బల్ల ఒకటి ఉంది. పడుకుంటే కూర్చోవాలనిపించేలా, కూర్చుంటే నిలబడాలనిపించేలా దాన్ని ఎవరో ఆలోచించి చేశారు. అక్కకి ఆ బల్ల ఇచ్చేశారు. ఇంట్లో అయితే వంట, మిషను, నీళ్లు, నిప్పులు. ఇక్కడ హాయిగా కూర్చోవడమే! అలా కూర్చుని ఆమె యూనిఫాంల మూట తెప్పించుకుని బొత్తాలు కుట్టింది. ఒళ్లో మూట పెట్టుకుని, దాన్ని కడుపుకి గట్టిగా హత్తుకుని, ఓ పక్కకి ఒరిగి కుట్టేది. 'అక్కకి సూది పనంటే ఎంత ప్రాణమో చూడండి,' అని నేను వచ్చినవాళ్లకి చూపించాను కూడా.

రోజూ పొద్దున డాక్టరమ్మ వచ్చి బావని అడిగేది, "ఎలా ఉందండీ మీకు?"

బావ నోరు తెరిచేలోపే అక్క చెప్పేది. "మొన్నటి మీద నయమండీ. తెల్లారగట్ల కాస్త కునుకు పట్టింది. ఎడమపక్కకి తిరిగితే నొప్పి లేదంటున్నారు, వెల్లకిలా పడుకుంటే లాగుతోందంట. నోరు ఎండిపోతోందంటున్నారు." డాక్టరమ్మ రాసుకునేది. ఆ మాటలన్నీ నిజమేనా అన్నట్టు బావ కూడా శ్రద్ధగా వినేవాడు.

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాం. సున్నితమైన పాఠకులు ఒక పేరా వదిలేసి చదువుకోవచ్చు.

కడుపు కోసి కుట్టాక, లోపల పేగులు మళ్లీ పని మొదలుపెట్టాయని తెలిసేదాకా రోగికి గుక్కెడు మంచినీళ్లు కూడా ఇవ్వరు. పని మొదలైందని తెలిసేదెలా? గ్యాస్ పోవాలి! ఆపరేషన్‌కి ముందు లేని గ్యాస్‌ని ఉందన్నాం. ఇప్పుడు రావాల్సిన గ్యాస్ రానంటోంది. మా బావ ఎంత మర్యాదస్తుడంటే, పెళ్లయిన కొత్తలో తుమ్మాలన్నా వీధిలోకి వెళ్లేవాడట. అలాంటి మనిషిని సర్జన్ అడిగాడు, నర్సు అడిగింది, నేల తుడిచే ఆవిడ అడిగింది, పక్క బెడ్ ఆయన సీసా ఊపుతూ అడిగాడు. ఆయన పై ఆఫీసరు ఫోను చేసి, "ఏమయ్యా, అయిందా?" అని అడిగాడు. కుటుంబం ఫోను గ్రూపులో అన్నగారు పూటపూటకీ బులెటిన్ వేశాడు. 'ఇంకా లేదు.' 'ఇంకా లేదు.' ఎవరో దండం పెడుతున్న బొమ్మ పెట్టారు.

చివరికి ఒక సాయంత్రం, ఆపరేషనత్తయ్య తన రెండో ఆపరేషన్ కథ చెబుతుండగా, అది జరిగింది. పక్క బెడ్ ఆయన చప్పట్లు కొట్టాడు. అన్నగారు ఫోను అందుకున్నాడు. నర్సుకి చెప్పడానికి అక్క గబగబా లేచింది. లేచి, రెండడుగులు వేసి, మంచం కమ్మీ పట్టుకుని ఆగిపోయింది. కళ్లు మూసుకుంది.

"సంతోషంతో కళ్లు తిరిగినట్టున్నాయి," అన్నాన్నేను. అందరూ నవ్వారు.

డిశ్చార్జి రోజున కట్టు విప్పినప్పుడు అక్క కుట్లని పరీక్షగా చూసింది. "ఎడం ఎడంగా వేశారు. జేబుకి ఇలా వేస్తే స్కూలువాళ్లు వెనక్కి పంపేస్తారు," అంది. సర్జన్ ఆ మాటని మెచ్చుకోలుగా తీసుకున్నాడు.

బావ ఇంటికొచ్చాడు. ముందుగదిలో మంచం వేశారు. బరువులెత్తకూడదు, మెట్లెక్కకూడదు, ఆలోచించకూడదు. వేళకి జావ, వేళకి మాత్ర. ఇంతటి భోగం మరెలా వస్తుంది చెప్పండి? మంచానికి పక్కనే కుట్టుమిషను. బడులు తెరవడానికి ఇంకెన్నో రోజుల్లేవు, ఆస్పత్రిలో పోయిన రోజులన్నీ కూడగట్టుకోవాలి కనక అక్క మిషను వదలడం లేదు.

ఒకరోజు కమిటీ పరామర్శకి వెళ్లింది. కాఫీ వచ్చింది. మేము బావ ఆరోగ్యం గురించి బావకి వివరిస్తున్నాం. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడేమో అనుకున్నాం.

వింటున్నాడు.

మిషను టకటకలాడుతోంది. ఆగింది. మళ్లీ మొదలైంది. ఆగింది. ఆగినప్పుడల్లా చిన్నగా ఊపిరి బిగబట్టిన చప్పుడు, అది వదిలాక మళ్లీ టకటక. దారం తెగితే అలా ఆగదు. గుడ్డ తిప్పడానికి ఆగితే అంతసేపు పట్టదు.

బావ కళ్లు తెరిచాడు. "ఏమైందోయ్?"

"ఏం లేదు," అంది అక్క.

"మరి ఆపావేం?"

"కడుపులో కొంచెం ఇదిగా ఉంది. ఏముంది, గ్యాస్ అయ్యుంటుంది."

కమిటీ ఎంత ఆనందపడిందో చెప్పలేను. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే! మేము నోరు తెరవకముందే, మేమేం చెబుతామో రోగే చెప్పేసింది. ఇన్నేళ్ల మా కృషి ఫలించింది.

"గ్యాసే అమ్మాయ్. కాస్త సోడా తాగు," అంది అత్తయ్య, కప్పు కింద పెడుతూ.

బావ మంచం దిగాడు. దిగకూడదు. అయినా దిగి, కుట్లమీద చెయ్యి వేసుకుని, మెల్లగా మిషను దగ్గరికి నడిచాడు.

"ఎక్కడ? ఒక్క వేలు పెట్టి చూపించు."

అక్క నవ్వింది. "ఏమిటండీ ఇది, అందరి ముందూ!"

"చూపించు."

అక్క మా వైపు చూసింది. బావ వైపు చూసింది. కుడివైపు, డొక్క కింద వేలు పెట్టింది. పెట్టగానే మొహంలో నవ్వు పోయింది.

"ఎప్పట్నించి?"

"మీ ఆపరేషన్‌కి ముందు నుంచే."

ఆస్పత్రి బల్ల, కడుపుకి హత్తుకున్న మూట, మంచం కమ్మీ పట్టుకున్న చెయ్యి, అన్నీ బావ కళ్ల ముందే జరిగాయి. లోహపు తాడులో ఒక పోగు తెగితే పై అంతస్తు నుంచి పసిగట్టే మనిషి, చేతికి అందేంత దూరంలో ఉన్నది వినలేకపోయాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపరేషన్ కుట్లు లాగి ఉంటాయని నేను అనుకున్నాను.

"ఎందుకు చెప్పలేదే?"

"చెప్పేదాన్నే. ముందు మీరు కోలుకోవాలి, ఆ తర్వాత ఈ యూనిఫాంలు ఇచ్చెయ్యాలి. అవయ్యాక చెబుదామనుకున్నా," అంది అక్క, మళ్లీ మిషను మీదకి వంగుతూ.

బావ గోడకి తగిలించిన డ్యూటీ సంచి దగ్గరికి వెళ్లాడు. లోపల చెయ్యి పెట్టి ఎర్రబోర్డు తీశాడు. తెచ్చి కుట్టుమిషను చక్రానికి తగిలించాడు. 'మరమ్మతులో ఉంది. వాడరాదు.'

"అయ్యో, ఇదేం పనండీ! సోమవారం బడి తెరుస్తారు. ఇంకా కాలర్లే అవలేదు. ఈ ఒక్క మూట..."

"రూలు ఒప్పుకోదు," అన్నాడు బావ.

వాళ్లిద్దరూ బండెక్కుతుంటే, ఒకరు కడుపు పట్టుకుని, ఇంకొకరు కుట్లు పట్టుకుని, వెనక నుంచి ఆపరేషనత్తయ్య కేకేసింది. "అమ్మాయ్, మరి రాత్రికి వంటో?"

ఇక్కడ నా సిద్ధాంతానికి చిన్న సవరణ చేసుకోవాల్సి వస్తోంది. అపెండిక్స్ అందరికీ ఉంటుంది. అది పగిలేదాకా సోఫాలో పడుకునే తీరిక మాత్రం అందరికీ ఉండదు. అడగందే అమ్మయినా పెట్టదన్నారు పెద్దలు. అడగందే అమ్మ చెప్పదని ఎందుకనలేదో మరి. ఇదీ పనుల ఒత్తిడే అయ్యుంటుంది.

అక్కకి పిత్తాశయం నిండా రాళ్లని తేలింది. వాచి, చీము పట్టే దాకా వచ్చిందట. అదే డాక్టరమ్మ, అదే సర్జన్, అదే వార్డు. ఇన్నాళ్లు ఎలా ఓర్చుకుందండీ ఈవిడ అని సర్జన్ అడిగాడట. ఆపరేషన్ చేసి తీసేశారు. గండం గడిచింది.

నేను చూడటానికి వెళ్లేసరికి మంచం మీద అక్క ఉంది, బల్ల మీద బావ ఉన్నాడు. ఒళ్లో నీలం చొక్కాలు. బొత్తాలు కుడుతున్నాడు. రెండు అంచులూ కలిపి కుట్టేస్తున్నాడు. ఆ చొక్కా తొడుక్కునే పిల్లాడు తల మీంచి దూరాల్సిందే.

పరామర్శకి అందరూ వచ్చారు. కమలాపళ్లు వచ్చాయి. అందరూ నేరుగా బల్ల దగ్గరికే వెళ్లారు. "ఎంత చిక్కిపోయావురా అబ్బాయ్! మొన్ననే ఆపరేషనైన మనిషివి, నీకెంత కష్టమొచ్చి పడింది!" అంది ఆపరేషనత్తయ్య, బావ తల నిమురుతూ. "వేళకి తిండైనా ఉందా నీకు?" అని అడిగాడు అన్నగారు. నేను కూడా బావ భుజం తట్టి, ధైర్యంగా ఉండమన్నాను. ఆ తర్వాత అత్తయ్య మంచం వైపు తిరిగి, "నిన్నెప్పుడు పంపిస్తారమ్మాయ్?" అంది.

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. తిన్నగా మంచం దగ్గరికి వెళ్లి, అక్క చెయ్యి పట్టుకుని అడిగింది.

"మీకెలా ఉందమ్మా?"

"ఆయన బాగానే ఉన్నారండీ. ఆ బల్ల మీద నడుం పట్టేసినట్టుంది. పొద్దుటి మాత్ర వేసుకున్నారో లేదో ఒకసారి కనుక్కోండి," అంది అక్క.

"ఆయన సంగతి కాదమ్మా. మీ సంగతి."

అక్కకి అది తెలియని ప్రశ్నలా ఉంది. పైకప్పు వైపు చూసింది, బావ వైపు చూసింది. బావ చేతిలో సూది ఆగిపోయింది.

"నొప్పిగా ఉందండీ," అంది అక్క మెల్లగా. "చాలా నొప్పిగా ఉంది."

మా అక్క నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.

బల్ల చుట్టూ నిలబడ్డ కమిటీలోంచి, "గ్యాస్ అయ్యుంటుంది లే," అని ఎవరో ధైర్యం చెప్పారు. ఆ గొంతు ఎవరిదో పాఠకులకి అనవసరం. బావ మాత్రం సూదిని చొక్కాకి గుచ్చి పక్కన పెట్టి, నా వైపే చూస్తూ, బల్ల కింది డ్యూటీ సంచిలో ఇంకో ఎర్రబోర్డు కోసం వెతకడం మొదలుపెట్టాడు.